ఓటరు లిస్టులో నాయనమ్మ పేరు

మా నాయనమ్మకి ఓ పేరుందన్న సంగతి నాకు పన్నెండేళ్ళు దాటాక గానీ తెలియలేదు. నవ్వొచ్చే మాటే, కానీ నిజం. మాకు నాయనమ్మ, నాన్నకి అమ్మ, అమ్మకి అత్తయ్యగారు. తాతయ్య "ఇదిగో" అనేవాడు, అదీ పక్కన ఎవరూ లేనప్పుడు. వీధిలో వాళ్ళందరికీ దొడ్డమ్మగారు. రేషను కార్డు మీద తాతయ్య పేరు, పొలం కాగితాల మీద తాతయ్య పేరు, ఇంటికొచ్చే ఉత్తరాల మీదా ఆయన పేరే. ఇంక ఆవిడ పేరుతో ఎవరికేం పని?

ఆ పేరు నేను మొట్టమొదట విన్నది 1983 జనవరి 5న. పలికినాయన మా చుట్టం కాదు, ఊరివాడూ కాదు. ఎలక్షన్ డ్యూటీ మీద ఎక్కడి నుంచో వచ్చి, మా ఎలిమెంటరీ స్కూల్లో బల్ల వేసుకుని కూర్చున్న గుమాస్తా.

ఆ ఎన్నికలు చూసిన వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఎన్టీ రామారావు పార్టీ పెట్టి తొమ్మిది నెలలు. చైతన్యరథం ఫలానా ఊరికి వస్తోందంటే చాలు, చుట్టుపక్కల జనం పనులు మానుకుని పోయేవారు. పిల్లలకి రాజకీయాలేం తెలుస్తాయి గనక? సైకిలు బొమ్మ బ్యాడ్జీలు ఎన్ని, చెయ్యి బొమ్మ బ్యాడ్జీలు ఎన్ని, అదే మా లెక్క. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఎవరిస్తే వాళ్ళది పెట్టుకుని తిరిగేవాళ్ళం. పోలింగు ముగిసే టైముకి 48 గంటల ముందు ప్రచారం ఆపెయ్యాలన్న రూలు అప్పుడు మాకు తెలియదు. వారాల తరబడి మోగిన మైకులు ఒక సాయంత్రం టక్కున ఆగిపోతే, ఊళ్ళో ఎవరికో ఏదో అయిందనుకున్నాం.

పోలింగు రోజు పొద్దున్నే నాయనమ్మ తలంటుకుని, ఉతికిన నేత చీర కట్టుకుంది. ఆవిడ వీధి గుమ్మం దిగడమే అరుదు. పార్టీ వాళ్ళు ముందురోజు ఇచ్చిన స్లిప్పు కొంగు చివర ముడేసుకుంది. చూపు సరిగ్గా ఆనదు కాబట్టి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే పని నాకు పడింది. స్కూలుకి వంద మీటర్ల దూరంలో దారికి అడ్డంగా సున్నం గీత గీశారు. గీతకి ఇవతల జెండాలు, బల్లలు, "దొడ్డమ్మగారూ, మర్చిపోకండేం" అని నవ్వులు. గీత దాటగానే అదే మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. పోలీసులు గట్టిగా ఉన్నారని కాదు, ఉన్నదే ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు.

ఆడవాళ్ళ వరస వరండా పొడుగునా ఉంది. మగవాళ్ళది వేపచెట్టు కింద నుంచి గేటు దాకా. మా ముందు నిలబడ్డది మా పొలంలో నాట్లకి వచ్చే ఆవిడ. నాయనమ్మని చూడగానే పక్కకి జరిగి, "మీరు ముందు పదండమ్మా" అంది. ఆవిడ జరగడం, నాయనమ్మ ఒక అడుగు ముందుకి వెయ్యడం రెండూ అలవాటులోనే జరిగిపోయాయి. హోంగార్డు కుర్రాడు చూసి, "ఎవరి చోట్లో వాళ్ళు ఉండండమ్మా, ఇక్కడ వరసంటే వరసే" అన్నాడు. నాయనమ్మ వేసిన అడుగు వెనక్కి వేసింది. ఇద్దరూ కాసేపు ఎటో చూశారు. తర్వాత ఆవిడే వెనక్కి తిరిగి కోడలి కాన్పు గురించి అడిగింది, ఇక లోపలికి వెళ్ళేదాకా కబుర్లే కబుర్లు. మా ఇంటి అరుగు దగ్గర ఆవిడ ఎప్పుడూ కిందే నిలబడి మాట్లాడేది. ఇద్దరూ ఒకే ఎత్తు మీద నిలబడి అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

గుమ్మం దగ్గర నన్ను ఆపేశారు. నేను చుట్టూ తిరిగొచ్చి కిటికీ ఊచలు పట్టుకున్నాను. మూడో తరగతిలో నేను కూర్చున్న గది అది. నల్లబల్ల మీద ఎక్కాల బదులు పోలింగ్ కేంద్రం నంబరు రాసి ఉంది. గోడ వారగా రెండు బెంచీల మీద ఏజెంట్లు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక లిస్టు, చేతిలో పెన్సిలు. నాయనమ్మ కొంగు ముడి విప్పి స్లిప్పు ఇచ్చింది. బల్ల వెనకాయన పేజీలు తిప్పి, వేలు పెట్టి, వరస నంబరు, ఇంటిపేరు, పేరు, భర్త పేరు గట్టిగా చదివాడు. క్లాసులో హాజరు పిలిచినంత గట్టిగా.

ఎవరూ పలకలేదు. నాయనమ్మ వెనక్కి తిరిగి, ఆ పేరుగలావిడ ఎవరా అని చూసింది. ఆయన మళ్ళీ చదివాడు. ఏజెంట్లలో ఒకడు మా వీధి వాడే, "దొడ్డమ్మగారూ, మిమ్మల్నే!" అన్నాడు. అప్పుడు తేరుకుని "ఆ... నేనేనండి" అంది. పెన్సిళ్ళన్నీ ఒక్కసారి కదిలాయి. నేను ఊచలకి మొహం ఆనించి ఆ పేరుని రెండు మూడు సార్లు లోపలే అనుకున్నాను. పేరు ఏమిటన్నది ఇక్కడ రాయను. మంచి పేరు. నదిది.

దారిలో అడిగాను, నీ పేరు నీకే తెలియదా అని. "నా పేరు అది కాదే, ఆ ముండా కాగితంలో తప్పు రాశారు" అంది. అప్పుడు ఆ కథంతా బయటికొచ్చింది. మొదటి సాధారణ ఎన్నికలకి లిస్టులు రాసేటప్పుడు ఇంటింటికీ మనిషి వచ్చాడట. అప్పుడు మాది మద్రాసు రాష్ట్రం. నాయనమ్మ తలుపు చాటున ఉంది. భార్య పేరు చెప్పమంటే తాతయ్య నీళ్ళు నమిలాడట. పెళ్ళాం పేరు పదిమందిలో ఎలా చెప్పడం? ఆఖరికి అరుగు మీద కూర్చున్న ఆయన మేనమామ పలికాడు. పలికింది మాత్రం నాయనమ్మ చెల్లెలి పేరు. తాతయ్య దిద్దబోయి, సగం చెప్పి, సగం మింగాడు. రాసేవాడు రెండూ కలిపి ఒక పేరు చేశాడు. పుట్టింట్లో పెట్టిన పేరులో సగం, చెల్లెలి పేరులో సగం, దాని ముందు అత్తింటి ఇంటిపేరు. లిస్టులెన్ని మారినా ఆ పేరే కొనసాగింది. దిద్దించుకోవచ్చు కదా అంటే, "దిద్దడానికి పోతే అసలుకే ఎసరు పెడతారు, ఉన్నది ఉండనీ" అనేది.

చాలా ఏళ్ళ తర్వాత ఒక ఎలక్షన్ డ్యూటీ శిక్షణ తరగతిలో విన్నాను. ఆ మొదటి లిస్టుల్లోంచి దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు తీసేశారట. కారణం వాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని మాత్రమే రాయించారు. అలా కుదరదు, మనిషికి సొంత పేరు ఉండి తీరాలని మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళే. ఆ తరగతిలో కూర్చుని నేను మా తాతయ్య మేనమామకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. తప్పో ఒప్పో ఏదో ఒక పేరు చెప్పాడు మహానుభావుడు. లేకపోతే 1952లో నాయనమ్మ ఇంట్లోనే ఉండిపోయేది.

1952 ఓటు గురించి ఆవిడ చెప్పిన మాటలు మేము చాలాకాలం నమ్మలేదు. "ముద్రలూ గిద్రలూ లేవు, తెర వెనక పెట్టెలు పేర్చి ఉంటాయి, కాగితం నీకు కావలసిన పెట్టెలో వేసి రావడమే" అనేది. మతిమరుపు వల్ల అలా చెబుతోందని నవ్వుకునేవాళ్ళం. నిజంగానే అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు అంటించి ఉండేదట. దేశం మొత్తానికి 20 లక్షలకు పైగా ఇనుప పెట్టెలు చేయించారు. 1957లోనూ అంతే. కాగితం మీద అందరి గుర్తులూ అచ్చువేసి, ముద్ర గుద్దే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. కాడెద్దులు, కంకి కొడవలి, గుడిసె అని వేళ్ళు మడిచి చెప్పేది నాయనమ్మ. తెర వెనక చీకట్లో ఏది ఏ పెట్టో కనపడక చేత్తో తడిమిందట. ఎందులో వేశావంటే మాత్రం, తాతయ్యకే చెప్పలేదు, నాకు చెబుతుందా?

1983 తర్వాత రెండేళ్ళలో మళ్ళీ రెండు ఎన్నికలు వచ్చాయి, 1984 డిసెంబరులో పార్లమెంటుకి, 1985 మార్చిలో అసెంబ్లీకి. నాయనమ్మ గోటి మీద సిరా మచ్చ పూర్తిగా పోకముందే మళ్ళీ మచ్చ. ఆ సిరా మైసూరులో ఒక్క కంపెనీయే తయారు చేస్తుంది, మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్. అందులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, వెలుతురు తగిలే కొద్దీ నల్లబడుతుంది. 1962 సాధారణ ఎన్నికల నుంచీ అదే సిరా. చర్మం మీది మరక కొన్ని వారాల్లో పోతుంది గానీ, గోటి మీదిది పెరిగి పెరిగి కత్తిరించుకోవాల్సిందే. ఒకసారి మా పెద్దమ్మ బొప్పాయి పాలు రుద్ది చూసింది. వేలు మండింది గానీ మచ్చ అంగుళం కదల్లేదు.

నా మొదటి ఓటు 1989 నవంబరులో. అదృష్టమంటే మా వయసు వాళ్ళదే. అంతవరకూ ఓటుకి 21 ఏళ్ళు నిండాలి. ఆ ఏడాదే 61వ రాజ్యాంగ సవరణతో 18కి దించారు. నాకు పంతొమ్మిది. కాలేజీలో అబ్బాయిలు దాని గురించి గంటలు గంటలు ఉపన్యాసాలిచ్చారు గానీ, మా అమ్మాయిల టెన్షనంతా లిస్టులో పేరు వచ్చిందా లేదా అనే. వచ్చింది. ఆ రోజు వరసలో నాయనమ్మ, అమ్మ, నేను. అదే స్కూలు, అదే వరండా. పార్లమెంటుకి తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ రంగు కాగితం. నాయనమ్మ ముందు నుంచీ పాఠం చెబుతూనే ఉంది. ముద్ర గీత మీద పడకూడదు, రెండు గళ్ళకీ తగలకూడదు, మడత ముందు నిలువునా పెట్టి తర్వాత అడ్డంగా పెట్టాలి, లేకపోతే తడి సిరా పక్క గుర్తుకి అంటుతుంది. ఆ మాటే లోపల ఆఫీసరు కూడా చెప్పాడు. "మా మనవరాలికి తెలుసండి" అని వెనక నుంచి వినపడింది.

నా పేరు చదివినప్పుడు మాత్రం సిగ్గేసింది. ఇంటిపేరుతో సహా బారెడు పేరు, దాని వెనక నాన్న పేరు, వయసు. అంత గట్టిగా వయసు చదవాలా అనిపించింది. ఏజెంట్లలో మా నాన్న శిష్యుడొకడు ఉన్నాడు, నా వంక చూసి నవ్వాడు. ముద్ర చిన్న గుండ్రటి కర్రకి ఉంది, అడ్డదిడ్డంగా బాణాల గుర్తు. అందరూ దాన్ని స్వస్తిక్ ముద్ర అనేవారు. చెయ్యి ఎంత వణికిందంటే తెల్ల కాగితం మీద వేసేటప్పుడు ఊపిరి బిగపట్టాను. గులాబీ కాగితం దగ్గరికొచ్చేసరికి సర్దుకుంది. పెట్టె నోరు సన్నగా ఉంటుంది కదా, మడతలు లావై కాగితం దిగలేదు. పక్కనున్నాయన స్కేలుతో లోపలికి తోశాడు. ఇంతేనా అనుకుంటూ బయటికొచ్చాను. ఓటు పట్టుమని రెండు నిమిషాల పని. మూడు గంటలు నిలబడింది దీనికా? కానీ ఇప్పుడు తల్చుకుంటే ఆ మూడు గంటలే గుర్తున్నాయి. ఎవరెవరు ముందున్నారో, ఎవరి చంకలో పిల్లాడు ఏడ్చాడో కూడా చెప్పగలను.

టీచరు ఉద్యోగం వచ్చాక నేను బల్లకి అవతలి వైపు చేరాను. ఎలక్షన్ డ్యూటీ ఆర్డరు చేతికొస్తే స్టాఫ్ రూములో ఎవరి మొహాలూ వెలగవు. శిక్షణ తరగతులు, ముందురోజు మెటీరియల్ పంచే చోట తోపులాట, లిస్టు చూసుకుంటూ గుండుసూదులతో సహా లెక్క, లక్క, దారం, రకరకాల కవర్లు, సిరా బుడ్డి, బస్సులో పెట్టెలతో ప్రయాణం, తెలియని ఊళ్ళో స్కూలు బల్లల మీద పడక, నీళ్ళుంటే బాత్రూము ఉండదు, బాత్రూముంటే తలుపు ఉండదు. మగ టీచర్లు ఎక్కడైనా సర్దుకుంటారు, మా బాధలు మావి. ఇవన్నీ రాస్తూ పోతే తెమలదు, వదిలేస్తాను.

నాకు ఎక్కువసార్లు పడింది మొదటి పోలింగ్ ఆఫీసరు పని. అంటే ఆ పేర్లు చదివే పని. ఓటరు లిస్టు మార్క్‌డ్ కాపీ ముందు పెట్టుకుని, వరస నంబరు, పేరు గట్టిగా చదవాలి. చదివేది ఓటరు కోసం కాదు, ఏజెంట్ల కోసం. వచ్చిన మనిషి ఆ మనిషేనా కాదా అన్నది ఊళ్ళో వాళ్ళకే తెలుస్తుంది కాబట్టి, అభ్యంతరం ఉంటే అక్కడే చెప్పాలి. చదివాక పేరు కింద గీత, ఆడవాళ్ళయితే గీతతో పాటు టిక్కు. సాయంత్రం టిక్కులు లెక్కపెడితే ఎంతమంది ఆడవాళ్ళు వేశారో తేలుతుంది.

బల్ల వెనక కూర్చుంటే గానీ తెలియలేదు, మా నాయనమ్మ ఒక్కర్తీ కాదని. పేరు చదవగానే తలెత్తి "ఆ" అనే పెద్దవాళ్ళు తక్కువ. చాలామంది వెనక్కి తిరిగి చూస్తారు. కొందరు వెనకున్నావిడ చెప్పేదాకా ఆగుతారు. "మీ పేరు చెప్పండమ్మా" అంటే స్లిప్పు చూపిస్తారు. ఒకే ఇంటిపేరుతో ముగ్గురు లక్ష్ములుంటే భర్త పేరు అడగక తప్పదు. ఆయన పేరు ఈవిడ చెప్పదు. నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. వెనకున్న తోడికోడలు చెబుతుంది, తోడికోడలి వంతు వచ్చినప్పుడు ఈవిడ చెబుతుంది. వరస ఆగిపోతోందని ప్రిసైడింగ్ ఆఫీసరు నా వంక గుర్రుగా చూసేవారు. నేను మాత్రం ఆడవాళ్ళ పేర్లు ఇంటిపేరుతో సహా, మింగకుండా, పూర్తిగా చదివేదాన్ని. కొంతమంది మొహాలు చూడాలి అప్పుడు. లిస్టులో పేరు చూపించమని ఒకావిడ అడిగింది. చదువు రాదు. వేలితో చూపిస్తే కాసేపు చూసి, "ఇంత పొడుగుందా?" అంది.

ఒకసారి మధ్యాహ్నం మూడింటప్పుడు ఒకావిడ వచ్చింది. చూస్తే ఆ పేరు కింద అప్పటికే గీత ఉంది. ఆవిడ వేలు చూశాం, మచ్చ లేదు. ఎవరో వేసి పోయారు. ఏజెంట్లలో ఒక్కడూ తల ఎత్తలేదు. అలాంటప్పుడు టెండర్ ఓటు అని ఇస్తారు. బ్యాలెట్ ఇస్తారు గానీ పెట్టెలో వెయ్యనివ్వరు, వేరే కవర్లో పెడతారు, కోర్టు అడిగితే తప్ప అది లెక్కలోకి రాదు. అంతా వివరంగా చెప్పాను. ఆవిడ అదంతా పట్టించుకోలేదు. "నా పేరుకి పలికింది ఎవరో చెప్పు తల్లీ, నేను అడిగేది అదొక్కటే" అని అక్కడే నిలబడింది. పలికింది నా ముందే. నేనే చదివాను, నేనే గీత గీశాను. మొహం గుర్తులేదు, వందల మందిలో ఒకరు.

1996 ఎన్నికలప్పుడు శిక్షణ తరగతుల్లో నల్గొండ కబుర్లే కబుర్లు. ఫ్లోరైడు నీళ్ళతో నడుములు వంగిపోతున్నా పట్టించుకునేవాళ్ళు లేరని, అక్కడి జనం నిరసనగా పెద్ద ఎత్తున నామినేషన్లు వేశారు. ఆఖరికి బరిలో 480 మంది మిగిలారు. అప్పుడు లోక్‌సభకి డిపాజిట్ 500 రూపాయలే. బ్యాలెట్ కాగితం సరిపోక పుస్తకం అచ్చు వేయాల్సి వచ్చింది, పోలింగు వాయిదా పడింది. ఆ పుస్తకం మడత ఎలా పెట్టాలి, పెట్టెలో ఎలా దూర్చాలి అని మా సార్లు బల్లల మీద నోటు పుస్తకాలు పెట్టి ప్రయోగాలు చేసి నవ్వుకున్నారు. నాకేమో, ముద్ర వెయ్యడానికి పేజీలు తిప్పుతూ ఉండే ముసలాళ్ళు కళ్ళముందు మెదిలారు. ఆ ఏడాదే డిపాజిట్ 10,000కి పెంచారు. 2019లో నిజామాబాదులో మళ్ళీ అలాంటిదే జరిగింది. పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేస్తే మొత్తం 185 మంది. అప్పటికి యంత్రాలొచ్చాయి కాబట్టి ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చారు.

యంత్రం మా ఊరికి 2004లో వచ్చింది. ఆ ఏడాది దేశమంతా అదే. నాయనమ్మకి ఎనభై దగ్గర పడ్డాయి. నేను వేరే మండలంలో డ్యూటీలో ఉన్నాను, తమ్ముడు తీసుకెళ్ళాడు. మీట నొక్కింది, కూత వచ్చింది, అయినా కదలదే! "ముద్ర ఎక్కడ పడింది నాయనా?" అని అట్ట వెనక నుంచి అడిగిందట. "లోపల పడింది మామ్మగారూ, మీరొచ్చెయ్యండి." "లోపల పడితే నాకెట్లా తెలుస్తుంది?" గది గదంతా నవ్విందట. తొమ్మిదేళ్ళకి సుప్రీంకోర్టులో కూడా ఇదే మాట వచ్చింది, వీవీప్యాట్ అనే పెట్టె తగిలించడం మొదలుపెట్టారు. 2019 నాటికి దేశమంతా వచ్చింది. ఇప్పుడు నొక్కగానే అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనపడి లోపల పడుతుంది. నాయనమ్మ ఉంటే ఏడు సెకన్లు ఏం సరిపోతాయని తగాదా పెట్టుకునేది.

ఆవిడ పోయాక కూడా పేరు లిస్టులో అలాగే ఉండిపోయింది. తర్వాతి ఎన్నికలకి స్లిప్పులు పంచే కుర్రాళ్ళు నాయనమ్మ స్లిప్పు కూడా తెచ్చి నాన్న చేతిలో పెట్టారు. పేరు తీయించడానికి ఫారం 7 పెట్టాలి. ఆ ఫారం నేనే రాశాను. లిస్టులో ఎలా ఉందో అలాగే రాయాలి కాబట్టి ఆ అతుకుల పేరే అక్షరం అక్షరం రాశాను. సంతకం నాన్న పెట్టాడు. మరణ ధ్రువపత్రంలో అసలు పేరుంది. రెండు పేర్లూ ఒకరివేనా అని ఆఫీసులో అడిగారు. నాన్న అరుగు, మేనమామ దగ్గర నుంచి కథ మొదలుపెట్టాడు. వాళ్ళు సగంలోనే సరే అన్నారు.

డ్యూటీలో ఉన్న మాకు వరసలో నిలబడే యోగం లేదు. మాది పోస్టల్ బ్యాలెట్. డిక్లరేషన్ మీద గెజిటెడ్ సంతకం, కవర్లో కవరు. పేరు పిలిచేవాళ్ళు లేరు, కబుర్లు లేవు. కాబట్టి 2024లో మోకాలి ఆపరేషన్ వల్ల డ్యూటీ తప్పితే, స్కూల్లో అందరూ "అదృష్టవంతులండీ" అన్నారు. నేను అనుకున్నది మాత్రం వేరే.

మే 13, ఎండ చెప్పక్కర్లేదు. హైదరాబాదు నుంచి రెండు రోజులుగా బస్సులు, కార్లు ఒకదాని వెనక ఒకటి, విజయవాడ రోడ్డంతా నిండిపోయింది. మా బూత్‌లో ఏడింటికే గేటు బయటికి వరస. ఫోన్లు లోపలికి రానివ్వరు కదా, అందుకని కుర్రాళ్ళకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక పక్కవాళ్ళతో మాట్లాడుతున్నారు. నాకు ముందు బెంగుళూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి, వెనక మా పనమ్మాయి అత్తగారు. షామియానా నీడ వరసలో సగానికే ఉంది. ఎవరైనా చంటిపిల్లతో వస్తే నీడలోకి పంపేస్తున్నారు, దానికి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మధ్యలో ఒకసారి యంత్రం మొరాయించింది. అరగంట ఆగింది. ఒక్కరూ వరస వదిలి పోలేదు. అసలు ఆ రోజు రాష్ట్రంలో కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటాక కూడా పోలింగు నడిచింది. టైము అయ్యేసరికి వరసలో ఎంతమంది ఉంటే అంతమందికీ, చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు. చివర నిలబడ్డవాడికి ఒకటో నంబరు. జీవితంలో ఇంకెక్కడా దొరకని మర్యాద అది.

లోపల మొదటి పోలింగ్ ఆఫీసరు మరీ చిన్నవాడు, సచివాలయం ఉద్యోగి అయి ఉండాలి. నంబరు మాత్రం చదివి, పేరు గొణుగుతున్నాడు. నా వంతు వచ్చింది. నంబరు చదివి గీత గీయబోయాడు. "బాబూ, పేరు కూడా చదవాలి, ఏజెంట్లకి వినపడాలి" అన్నాను. కుర్రాడు బిత్తరపోయి ప్రిసైడింగ్ ఆఫీసరు వంక చూశాడు. ఆయన మా పాత హెడ్‌మాస్టరు గారి అబ్బాయి, నన్ను గుర్తుపట్టి, "చదువు నాయనా, టీచరుగారు చదివించకుండా పోరు" అన్నాడు. కుర్రాడు లేచి నిలబడినంత పని చేసి, ఇంటిపేరుతో సహా గట్టిగా చదివాడు. ఇంటిపేరు తప్పు చదివాడు. దిద్దాను. మళ్ళీ చదివాడు.

మా వారింకా మగవాళ్ళ వరసలో సగం దూరంలో ఉన్నారు. నన్ను చూసి, "మీకైతే ఇద్దరిద్దర్ని పంపుతారు, మాకు ఒక్కొక్కర్నీ! ఇదేం న్యాయమే?" అని అక్కడి నుంచే కేకేశారు. ఆయన ముందూ వెనకా ఉన్న మగవాళ్ళంతా అవునవునన్నారు. హోంగార్డు ఈసారి అమ్మాయి. "మాట్లాడకుండా ముందుకు జరగండి సార్" అని, ఆడవాళ్ళ వైపు నుంచి మరో ఇద్దర్ని లోపలికి పంపింది.